విసిరే చెయ్యి ఎవరిది

మా వీధి చివర టీ దుకాణంలో ఈమధ్య ఒకటే వాదం. మా వాళ్ళు నలుగురు చేరి ఫోను మధ్యలో పెట్టుకుని అమెరికా వాళ్ళ కోడిగుడ్డు బంతి ఆట చూస్తారు. వెనక నిలబడి బంతి విసిరేవాడికి చేతిలో బలం లేకపోతే వాడు కప్పు గెలవగలడా లేడా అని గొంతులు చించుకుంటారు. నేను కనపడగానే, "నువ్వు సెప్పు బావా, ఆడినోడివి గదా" అంటారు. నేను చెప్పను. టీ తాగేసి లేచి వచ్చేస్తాను. చెప్పాలంటే మా చెల్లి సంగతి చెప్పాలి. అది చెప్తే ఆ బల్ల దగ్గర నన్నెవడూ బావా అని పిలవడు.

మాది బోటాటౌంగ్, మా వాళ్ళు రంగం అనే రంగూన్‌లో రేవు పక్క పేట. మా ముత్తాత విశాఖపట్నం రేవులో ఓడెక్కి రంగం వచ్చి, ఇక్కడ బస్తాలు మోశాడు. మా నాయన బస్తాలు మొయ్యలేదు, తాడు విసిరాడు. లాంచీ జెట్టీ దగ్గరకొచ్చేటప్పుడు ముందుభాగంలో నిలబడి, కొసకి ఇనప గుండు కట్టిన సన్నతాడు ఒడ్డు మీది మనిషికి అందేలా విసరాలి. ఆ తాడు పట్టుకుని లాగితే దాని వెనకే లావుపాటి మోకు వస్తుంది. ఎంత దూరం నుంచి విసిరితే అంత గొప్ప. మా ఇంట్లో మనిషి విలువ ఆ తాడుతోనే తేలేది. మా మేనత్తకి సంబంధం వస్తే, పెళ్ళికొడుకుని జెట్టీకి తీసుకుపోయి తాడు విసిరించారు. ఆయన విసిరింది నీళ్ళలో పడింది. ఉద్యోగం ఉంది, చదువుంది, చూడ్డానికి బాగుంటాడు కూడాను. అయినా వద్దన్నారు. మా అత్తకి ఆయనంటే ఇష్టమని పదేళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు కూడా మా నాయన, "ఆడిది సెయ్యేటి, తోటకూర కాడ" అని నవ్వాడు. అత్త అక్కడే కూర్చుని ఉంది.

నాకు నాయన చెయ్యి వచ్చింది. నాకంటే ఆరేళ్ళు చిన్నదైన చెల్లికి అమ్మ చెయ్యి వచ్చింది. గాజులు కూడా చిన్నపిల్లల సైజువే సరిపోయేవి.

ఆ బంతిని మా పేటకి తెచ్చింది ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఒక మాస్టారు. ఇక్కడ ఆడేది ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆట కాదు. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసే ఆడొచ్చు. అందరి నడుముకీ గుడ్డముక్కలు వేలాడుతుంటాయి, బంతి ఉన్నవాడి గుడ్డ లాగేస్తే అక్కడికి ఆగిపోవాలి. ఒకరు వెనక నిలబడి బంతి విసురుతారు, ముందుకు పరిగెత్తేవాళ్ళు పట్టుకుంటారు. పట్టుకుని చివరి గీత దాటితే పాయింట్లు. విసిరే మనిషిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆ జాగా నాదే అనుకున్నాను. ఇంకెవరిది అవుతుంది?

మొదటి నెలలోనే అది చెల్లిదైపోయింది. ఎలా అయిందో నాకు అర్థం కాలేదు, ఒళ్ళు మండిపోయింది. దానికి బలం లేదు, కానీ అడుగులు లెక్కపెట్టేది. పరిగెత్తేవాడు ఏడో అడుగు వేసి ఇటు తిరగాలని ముందే చెప్పేది. వాడు తిరగకముందే, ఎవరూ లేని ఖాళీ జాగాలోకి బంతి వదిలేసేది. వాడు తిరిగేసరికి బంతి సరిగ్గా బొడ్డు దగ్గర ఉండేది. మెత్తగా వచ్చేది. మా జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేవాడు ఒక బర్మా అతను, బ్యాటరీల దుకాణంలో పని. "మీ చెల్లెలు బంతి ఇస్తుంది, నువ్వు ఇటుక విసురుతావు" అన్నాడొకసారి నాతో. తమాషాకే అన్నాడు. నేను రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

జట్టు పెట్టింది నేను కాబట్టి నాయకుణ్ణి నేనే. విసిరేది మాత్రం చెల్లి. అలాగే ఆ మొదటి ఏడు ఫైనలుకి వెళ్ళాం, అహ్లోన్ పేట జట్టు మీద. ఆఖరి బంతికి, మనిషి అంగలతో కొలిస్తే, యాభై అడుగులు కావాలి. చెల్లి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరింది. ముప్పై అయిదు అడుగుల దగ్గర నేల మీద పడింది. పట్టుకోడానికి అక్కడ ఎవరూ లేరు. అవతలి జట్టు వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

అబద్ధమెందుకు, నేను లోపల సంతోషించాను. కప్పు పోయిందని కాదు. నా మాట నిజమైందని. ఆ సాయంత్రమే దానికి 'ముప్పై అయిదు' అని పేరు పెట్టాను. ఇంట్లో, "ఓలే ముప్పై అయిదూ, మంచినీళ్ళట్టుకురా" అనేవాణ్ణి. జట్టులో వాళ్ళు అందుకున్నారు. తర్వాత టీ దుకాణం అందుకుంది. అది పనిచేసే ఫోను రిపేరు కౌంటరు దగ్గరకొచ్చే బర్మా వాళ్ళు కూడా వాళ్ళ భాషలో ఆ అంకె అని నవ్వేవారు. అది మాత్రం పొద్దున్నే లేచి, బుగ్గలకి తనాకా గంధం రాసుకుని, బంతి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేది. తడిపిన తువ్వాలు పిండుతూ కూర్చునేది, మణికట్టు గట్టిపడుతుందని ఎవరో చెప్పారట. నేను చూసి, "అదేటి, బట్టలుతకడం నేర్చుకుంటన్నావా" అన్నాను. అమ్మ ఉండుంటే నా నెత్తిన ఒకటి మొట్టేది.

రెండో ఏడు అది ఒక్క ఆట కూడా ఓడిపోనివ్వలేదు. ఒక్కటి కూడా! చేతి బలం నలభై అడుగులు దాటలేదు, కానీ మమ్మల్ని నలభై అడుగులు అవసరమయ్యే చోట ఎప్పుడూ నిలబెట్టలేదు. నాలుగు, ఎనిమిది, పది. చిన్నచిన్నవే. చూసేవాళ్ళకి విసుగు పుట్టేది. మళ్ళీ ఫైనలు, మళ్ళీ అహ్లోనే. ఈసారి గెలిస్తే కప్పుతో పాటు విసిరినవాళ్ళ పేరు పలక మీద చెక్కిస్తామని మాస్టారు చెప్పాడు. చెల్లి ఆ వారమంతా అన్నం తింటూ కూడా నవ్వుకునేది. "అన్నియ్యా, నా పేరు తెలుగులో కూడా సెక్కమందాం ఏటి" అంది ఒకరోజు. దానికి తెలుగు రాయడం కూడా సరిగ్గా రాదు.

ఆ మాటే నన్ను కాల్చింది. మా ఇంటి పేరు ఒక పలక మీదికి ఎక్కబోతోంది, అదీ తోటకూర కాడలాంటి చేత్తో. నేను తిన్నగా మా నాయన దగ్గరకి వెళ్ళాను. "కిందటేడు దీని సెయ్యి సాలకే కదా పోనాది, ఫైనలుకి ఎవరు విసరాలో నువ్వే తేల్చు" అన్నాను. ఆయన ఏం చేస్తాడో నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.

ఫైనలుకి నాలుగు రోజుల ముందు, సాయంత్రం, మా నాయన జట్టు మొత్తాన్ని జెట్టీకి పిలిచాడు. పాత సన్నతాడు తెచ్చాడు, కొసకి గుండు. జట్టులో బర్మా వాళ్ళకి ఇదేంటో అర్థం కాలేదు. బంతికీ తాడుకీ ఏంటి సంబంధం అని బ్యాటరీల దుకాణం అతను అడిగాడు. పెద్దాయనతో ఎదురు మాట్లాడటం వాళ్ళలోనూ లేదు కాబట్టి అంతటితో ఊరుకున్నాడు. చెల్లికి మాత్రం అంతా అర్థమైంది. నా వైపు ఒక్కసారి చూసింది.

"నాయనా, ఆటలో తాడు విసరం గదా" అంది.

"సెయ్యి సెయ్యే. ఇసురు" అన్నాడాయన.

విసరనని వెళ్ళిపోతే బాగుండేది. వెళ్ళలేదు. తాడు చుట్ట చుట్టుకుని, చేతిలో గుండు పట్టుకుని, అంచున నిలబడింది. అవతల కట్టి ఉన్న పడవ మీద పడాలి. విసిరింది. గుండు సగం దూరం కూడా వెళ్ళకుండా నీళ్ళలో బుడుంగున మునిగింది. జెట్టీ మీద బస్తాలు దింపుతున్నవాళ్ళు ఈలలేశారు. తాడు తడిసిపోయింది, దాన్ని మళ్ళీ లాగి చుట్టింది. "ఇంకోపాలి" అంది. ఇంకోసారి కూడా నీళ్ళలోనే. "ఇంకోపాలి" అంది. మా నాయన మూడోసారి కూడా విసరనిచ్చాడు. అంతమంది ముందు ఎందుకు విసరనిచ్చాడో, ఆపాల్సినవాణ్ణి నేను ఎందుకు ఆపలేదో ఇప్పుడు అడక్కండి. వాళ్ళంతా అది చూడాలనే జట్టుని నాయన చేత పిలిపించింది నేనే.

తర్వాత నేను విసిరాను. పడవ దాటి అవతల పడింది.

"అయిపోనాది" అన్నాడు మా నాయన. చెల్లి వైపు తిరిగి, "నీ సెయ్యి రొట్టె తిరగెయ్యడానికి, ఇంకేటికీ పనికి రాదు" అన్నాడు. అది తలూపింది. అరచెయ్యి తాడు రాసుకుని ఎర్రగా కమిలిపోయి ఉంది. ఇంటికి నడిచి వెళ్తుంటే దాని వెనకాలే బ్యాటరీల అతను వెళ్ళి ఏదో చెప్పబోయాడు. "యా బాదే" అంది, పర్లేదని.

ఫైనలు ఆదివారం పొద్దున్న. చెల్లి వచ్చింది, గీత అవతల జట్టు బట్టల్లోనే నిలబడింది. ఎవరికన్నా దెబ్బ తగిలితే దిగాలి కదా. మొదటి విసురే నేను యాభై అయిదు అడుగులు వేశాను. బ్యాటరీల అతను ఎగిరి పట్టుకుని గీత దాటేశాడు. మైదానం మొత్తం కేకలు. మా నాయన లుంగీ ఎగ్గట్టి, "అదీ సెయ్యంటే! సూడండ్రా!" అని చిందులేశాడు. నా జన్మలో అంత సంతోషం ఇంకెప్పుడూ పడలేదు. ఆ ఒక్క నిమిషం కోసం మళ్ళీ అన్నీ చేస్తానేమో, నా మీద నాకు నమ్మకం లేదు.

అహ్లోన్ వాళ్ళు తెలివితక్కువ వాళ్ళా ఏంటి? ఇద్దరిని తీసుకెళ్ళి బాగా వెనక నిలబెట్టారు. నేను మళ్ళీ దూరమే విసిరాను. వాళ్ళు పట్టుకున్నారు. మళ్ళీ విసిరాను, మళ్ళీ వాళ్ళే. దగ్గరగా ఉన్నవాళ్ళకి విసిరితే నా బంతి పట్టుకోలేక వదిలేస్తున్నారు. ఒకసారి బ్యాటరీల అతని వేలు వెనక్కి మడిచేసింది. వాడు వేలు పట్టుకుని కూర్చుండిపోయాడు, తర్వాత గుడ్డ చుట్టుకుని లేచాడు. వాళ్ళూ ఒకసారి గీత దాటి, దాని మీద దొరికే అదనపు పాయింటు కూడా కొట్టారు; మాకు అది తప్పింది, ఒక్క పాయింటు వెనకబడ్డాం.

అయినా ఆఖరికి అవకాశం వచ్చింది. వాళ్ళ తప్పు వల్ల బంతి చివరి గీత ముందరే మాకు దొరికింది. గీత నాలుగు అడుగుల దూరంలో ఉంది. మిగిలింది ఒక్కటే విసురు. దాటితే కప్పు మాది.

నాలుగు అడుగులు. ఏడాదంతా చెల్లి చేసింది అదే పని. ఆ దూరంలో అది వదిలిన బంతి ఒక్కటి కూడా కింద పడింది లేదు. బ్యాటరీల అతను నా దగ్గరకి పరిగెత్తుకుంటూ వచ్చి, "కో... అన్నా, నువ్వు బయటికి వెళ్ళు, ఆమెని పిలువు" అన్నాడు. మిగతా ముగ్గురూ అదే అన్నారు. గీత అవతల చెల్లి అప్పటికే జుట్టు గట్టిగా ముడేసుకుని, చెప్పులు విడిచి, ఒక కాలు ముందుకి పెట్టి ఉంది. నేను పిలుస్తాననే అనుకుంది, పాపం. నావైపే చూస్తోంది.

నేను దాన్ని చూశాను. చూసి తల తిప్పేసుకున్నాను. "నేనే విసురుతాను, నోర్మూసుకుని నిలబడండి" అన్నాను.

బ్యాటరీల అతను నాలుగడుగులు వేసి తిరిగాడు. చుట్టూ ఎవరూ లేరు. నాకు మెత్తగా వదలడం తెలియదు. బంతి వాడి రొమ్ముకి దబ్బున తగిలి, గుడ్డ చుట్టిన చేతుల్లోంచి జారి, కింద పడింది. ఆట అయిపోయింది.

మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. చెల్లి వంట చేసింది, ఎప్పటిలాగే. మా నాయన ఓడిపోయిన మాటే ఎత్తలేదు. "ఆ మొదటిది సూసినావా, ఎంత దూరం పోనాదో" అని మూడుసార్లు అన్నాడు. చెల్లి ఆయనకి చేపల పులుసు వేసి, నా కంచం దగ్గర ఆగింది. గిన్నె చేతిలోనే ఉంది.

"అన్నియ్యా, ఒకటడుగుతాను, కోప్పడకు. నాలుగడుగులకి కూడా నా సెయ్యి సాలదేటి?"

అప్పటికైనా అబద్ధం ఆడొచ్చు. చేతి బలం గురించి నోటికొచ్చింది ఏదో ఒకటి వాగొచ్చు. ఎందుకో ఆ పూట నోటికి నిజమే వచ్చింది.

"సాల్తాది" అన్నాను.

"మరి పిలవనేదేటి?"

"సాల్తాది గనకే."

అది గరిటెతో పులుసు తీసి, ముక్క పడేలా జాగ్రత్తగా నా అన్నం మీద వేసింది.