సువర్ణరేఖలో సబ్బుముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో సబ్బు రేకులా అరిగిపోయినా పారేసేవాళ్లం కాదు. ఆ ముక్కని తడిపి కొత్త సబ్బుకి అతికించేది మా అమ్మ. ఉక్కు కార్ఖానా ఊళ్లో, సాక్చి బజారు వెనక బస్తీలో ఉండేవాళ్లం. కొళాయి దగ్గర తోపులాట పడలేక పక్కింటి అక్క బట్టల మూటతో సువర్ణరేఖ నదికి వెళ్లేది. మా బట్టలిచ్చి నన్నూ వెంట పంపేది అమ్మ. ఆ అక్క పలాస వైపు నుంచి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు. గుమ్మం దాటితే తలమీది కొంగు జారనిచ్చేది కాదు.

ఆ రోజు పైన వానలు పడి నీళ్లు ఎర్రగా, జోరుగా ఉన్నాయి. బండ దిగొద్దని అక్క ముందే చెప్పింది. నా చేతిలోంచి సబ్బు జారింది. ఇంటికెళ్తే అమ్మ ఏమంటుందో అన్న భయమే గానీ నదంటే భయం లేదు నాకు. దిగాను. సబ్బు చేతికందింది, కాళ్లకింద నేల పోయింది.

అక్కకి ఈత రాదు. కట్టుకున్న చీర ఊడదీసి, కొస ముడేసి, నా మీదికి విసిరింది.

"ఒలే, సీర పట్టుకోయే!"

ఒక చేత్తోనే పట్టుకున్నాను. రెండో గుప్పిట్లో సబ్బుంది.

"సబ్బొగ్గీయే గుంటా! రెండు సేతులా పట్టుకో!"

వదిలేశాను. డ్యూటీ దిగి స్నానానికొచ్చిన మగవాళ్లు పరుగెత్తుకొచ్చి ఆమెతోపాటు లాగారు. చీర బండకి రాసుకుని బర్రున చిరిగింది గానీ తెగలేదు. వాళ్లందరి మధ్యా లోపావడాతోనే కూర్చుని నా వీపు చరిచి నీళ్లు కక్కించింది అక్క. ఆ తర్వాతే చీర చుట్టుకుంది.

సాయంత్రం గోడవతల నుంచి వాళ్లత్త గొంతు వినబడింది.

"మొగోళ్ల ముందల సీర ఇప్పీసినావంట! సిగ్గు నేదేటే నీకు?"

"పిల్ల ములిగిపోతంటే సిగ్గు సూసుకుంటామేటత్తా?"

ఆ తర్వాత ఆమెని నదికి పంపలేదు. చిరుగు కుట్టుకుని అదే చీర కట్టుకునేది. ఆ కుట్టు కనబడితే నేను తల దించుకునేదాన్ని. అక్క నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే కొంత తేలికపడేదాన్నేమో.

ఇప్పటికీ నేను సబ్బుముక్క అతికిస్తాను. మనవలు నవ్వుతారు, నవ్వనీ. నా ఇంట్లో ఏదీ వృథాగా పోకూడదు. అయినా నదిలో నిలబడి సూర్యుడికి మొక్కే ఛఠ్ పండక్కి ఘాట్‌కి వెళ్తే నా సంచిలో కొస ముడేసిన పాత నేతచీర ఒకటి ఉంటుంది. మొన్న చెప్పు కొట్టుకుపోతుంటే చిన్న మనవరాలు "దాదీ, మేరా చప్పల్!" అని నీళ్లకేసి ఉరకబోతే జబ్బ పట్టి ఆపాను.

"ఒగ్గీయే" అన్నాను. నా నోట అక్క అన్న ఆ మాట ఇంకెక్కడా రాదు.