ఎవరి పాటో చెప్పి దించాల

నా పాట విని కళ్ళు తుడుచుకున్న మనిషే, ఆ పాట నేను రాశానని తెలియగానే చెయ్యి వదిలేసి కాఫీ బల్ల వైపు నడిచిపోవడం ఈ బెంగళూరులో నాకు అలవాటైపోయింది. హూడిలో ఒక అపార్ట్‌మెంటు వాళ్ళ ఉగాది వేడుకలో జరిగింది మాత్రం మరీ అన్యాయం. పాట అయిపోగానే ఒక పెద్దావిడ వేదిక ఎక్కి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎన్ని వందల ఏళ్ళ నాటి పాటమ్మా ఇది! మా అమ్మమ్మ గుర్తొచ్చింది" అంది.

నేను ఊరుకోవచ్చు కదా. నా నోరు ఊరుకోదు. "పోయిన నెల రాశానండీ. మీ గేటు బయట సిగ్నల్ దగ్గర, ఆటోలో ఇరుక్కుని" అన్నాను.

ఆవిడ చేతులు వదిలేసింది. "అవునా? అయినా బాగానే ఉందిలే" అని, నేనేదో గిల్టు నగ అంటగట్టినట్టు నా వైపు ఒక చూపు చూసి దిగిపోయింది. ఆ "లే" నాకు వారం రోజులు అరగలేదు.

మాది బెంగళూరు పాతబజారు బళేపేటలో గాజుల అంగడి. మా వాళ్ళు ఏ కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా తెలుగు హైదరాబాదు వాళ్ళకు కన్నడంలా వినిపిస్తుంది, ఇక్కడి వాళ్ళకు అరవంలా వినిపిస్తుంది, మాకు మాత్రం ఇంట్లో తిట్టుకోవడానికి సరిపోతుంది. అంగడి ముందు భాగంలో నాయన కూర్చుంటాడు. లోపల చాప మీద ఆయన తల్లి, మా అవ్వ, వచ్చినవాళ్ళకు గాజులు తొడుగుతుంది. ఎంత బిగుతు చేతికైనా గాజు చిట్లకుండా ఎక్కించడం ఆవిడ నేర్పు. "చెయ్యి వదులు సెయ్యి తల్లీ" అంటూ వేళ్ళు నొక్కుతుంది, నొప్పి తెలియకుండా ఏదో ఒక పాట పాడుతూ ఉంటుంది. సీమంతాలకు పిలిచినా అదే పని.

ఆ సీమంతాల్లో మా ఆడవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. పాట ఎవరైనా ఎత్తుకోవచ్చు. ముగించి దించేటప్పుడు మాత్రం అది ఎవరి పాటో చెప్పి దించాలి. "ఇది మా పెద్దత్త పాట" అనో, "ఇది చిక్కపేట మేనత్త కట్టింది" అనో ఒక్క మాట. చెప్పకుండా దించితే ఆ పాట మళ్ళీ గొంతెక్కదని అవ్వ నమ్మకం. దేవుడి విషయంలో కూడా ఆవిడకు అంత పట్టింపు లేదు. కార్తీక సోమవారం ఉపవాసమని చెప్పి లోపల బోండాలు తింటూ నాకు దొరికిపోయిన మనిషి.

నేను కొన్నేళ్ళు ఒక బ్యాండులో పాడాను. జానపదాన్ని కొత్త తరానికి అందిస్తామని వాళ్ళు చెప్పుకునేవారు. అందించింది డ్రమ్ముల మోత. నా గొంతు నాకే వినిపించేది కాదు. ఒకరోజు వద్దనుకుని బయటికొచ్చి, ఇకమీదట సోలో అని ఇంట్లో ప్రకటించాను.

"సోలో అంటే ఏమి మే?" అన్నాడు నాయన.

"నేనొక్కదాన్నే పాడడం. నా పాటలు నేనే కట్టుకుని."

"అదేం కొత్త? బాత్రూములో ఇన్నేండ్లూ అదే కదా చేస్తాండావు" అన్నాడు. అవ్వ పడీపడీ నవ్వింది. అంగట్లోకి వచ్చినవాళ్ళు మనవరాలు ఏం చేస్తాదని అడిగితే ఆవిడ అంతకు ముందు నుంచే "ఏందో చేస్తాండాదిలే" అని మాట మార్చేది. ఆ రోజు నుంచి ఆ "ఏందో" ఇంకాస్త పొడుగైంది. నవ్వుతూనే ఊరుకునేదాన్ని కానీ, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది.

సోలో అంటే ఏమిటో నాకూ తర్వాతే తెలిసింది. పోస్టరు నేనే చేసుకోవాలి. వైర్లు నేనే మోసుకోవాలి. ఫోనుకు ఎదురుగా కూర్చుని నా గురించి నేనే గొప్పగా చెప్పుకుని, దానికి నేనే ఒక లైకు కొట్టుకోవాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. కాడుగోడి దగ్గర ఒక కంపెనీలో సంప్రదాయ దుస్తుల దినమని పిలిచారు. జీన్సులో వెళ్ళేసరికి ఆ ఏర్పాట్లు చూసే కుర్రది కంగారుపడిపోయింది. "మేడమ్, కొంచెం పల్లె ఫీల్ రావాలి" అని నా చేతికి ఒక చాట, చంకకు ఒక బిందె ఇచ్చింది. బళేపేటలో పుట్టి పెరిగిన నేను చాట పట్టుకున్నది ఆ రోజే మొదలు. పాట మధ్యలో బిందె జారి మొదటి వరసలో మేనేజరు కాలి మీద పడింది. అందరూ చప్పట్లు కొట్టారు, అది కూడా ఆచారమే అనుకుని.

హూడిలో నేను పాడిన పాట గాజులు తొడిగే పాట. అవ్వ మాటతోనే మొదలవుతుంది.

చెయ్యి వదులు సెయ్యి చెల్లెలా
గాజే దావ చూసుకుంటాది
పచ్చదీపం పడేదాంకా
ఆగిన బండి ఆగనీ

ఆ సభలో ఖాదీ లాల్చీ వేసుకున్న జానపద నిపుణుడు ఒకాయన ఉన్నాడు. ఒక పెద్ద జానపద ఉత్సవానికి కళాకారులను ఎంపిక చేసేది ఆయనే. పెద్దావిడ దిగిపోయాక ఆయన నా దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఈ పాట ఎక్కడ సేకరించావు?"

"సేకరించలేదు సార్, రాశాను."

ఆయన జాలిగా నవ్వాడు. "మీ తరం చేసే పొరపాటే ఇది. ఎక్కడో విని మరిచిపోతారు, తర్వాత తామే రాశామనుకుంటారు. పచ్చదీపం అంటే పంట ఇంటికొచ్చినప్పుడు పొలం గట్టున పెట్టే దీపం. ఆగిన బండి అంటే ఎడ్లబండి. ఇది కనీసం నాలుగు తరాల పాట."

"పచ్చదీపం అంటే సిగ్నల్ సార్. బండి అంటే ఆటో."

"నువ్వు అలా అన్వయించుకున్నావు" అన్నాడాయన, ఎంతో ఓపికగా. నా పాట గురించి నాకే పాఠం చెప్పాడు. ఉత్సవంలో నాకు ఒంటరిగా అరగంట ఇస్తానన్నాడు. రికార్డు చేసి నలుగురికీ వినిపిస్తామన్నాడు. షరతు ఒక్కటే, పాటలు పాతవై ఉండాలి. సొంత పాటలకు అక్కడ చోటు లేదు. అందుకని మా ఇంటికొచ్చి పెద్దవాళ్ళను అడిగి నిర్ధారించుకుంటానన్నాడు.

నాకు ఆ అరగంట కావాలి. అబద్ధమెందుకు, అన్నం కన్నా ఎక్కువ కావాలనిపించింది. పక్కన డ్రమ్ము లేకుండా, చంకలో బిందె లేకుండా, నా గొంతు ఒక్కటే అంత మంది ముందు నిలబడడం ఎలా ఉంటుందో ఒక్కసారి చూసుకోవాలి. కానీ నా పాట నా పాటగానే ఉండాలి. ఈ రెండూ కలిపి కోరుకోవడం అత్యాశ అని నాకు అప్పటిదాకా తెలియదు.

చెప్పినట్టే ఆయన కెమెరా పట్టుకున్న మనిషితో బళేపేటకు వచ్చాడు. అవ్వ ముందు చాప మీద కూర్చున్నాడు. అంతకు ముందే నేను ఇంట్లో అంతా చెప్పి పెట్టాను, నిజం చెప్పమని మరీ మరీ చెప్పాను. అవ్వ తలూపింది కూడా.

"అవ్వా, చెయ్యి వదులు చెయ్యి చెల్లెలా అనే పాట మీ ఇంట్లో పాతదేనా?"

అవ్వ ఆయన్ను చూసింది, కెమెరాను చూసింది, నన్ను చూసింది. "పాతదే కదా నాయనా. మా అత్త పాడతాండె. వాళ్ళత్త కూడా పాడతాండెనంట" అంది, కన్ను ఆర్పకుండా.

"అవ్వా!" అని అరిచాను.

"నువ్వు గమ్మునుండు మే. పెద్దోళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో ఏంది?" అని నన్ను కసిరి, ఆయన వైపు తిరిగి, "ఈ కాలం పిల్లోళ్ళకేం తెలుసప్పా" అని నిట్టూర్చింది. నాయన అప్పుడే గుర్తొచ్చినట్టు గల్లాపెట్టె తుడవడం మొదలుపెట్టాడు.

వాళ్ళు కాఫీ తాగుతుండగా అవ్వను వంటింట్లోకి లాక్కెళ్ళాను. ఏడుపొచ్చేసింది. "నా పాట తీసి మీ అత్త చేతిలో పెట్టావే! ఆ మహాతల్లికి పాటే కాదు, మాట కూడా తిన్నగా రాదని నువ్వే చెప్తావు కదా!"

"స్టేజీ కావాలన్నావు. స్టేజీ ఇప్పిస్తి. ఆయప్పకు పాతది కావాలంట, పాతదని చెప్తి. అంగట్లో బేరమాడినట్టే కదా. దానికింత ఏడుపేల?" అంది అవ్వ.

బేరం ఇంకా ముదిరింది. వంటింట్లోంచి బయటికొచ్చేసరికి నిపుణుడు కొత్త ఆలోచన చేసి ఉన్నాడు. పాటకు అసలు మూలం ఎదురుగా ఉంటే మనవరాలెందుకు? అవ్వే పాడాలి. నేను పక్కన కంజిర వాయిస్తే చాలు. అలా నా సోలో అవ్వ సోలో అయింది. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదేనేమో. వద్దని మొండికేద్దామనుకున్నాను. కానీ అవ్వ అప్పటికే పెట్టె తెరిచి పట్టుచీర వెతుక్కుంటోంది.

ఉత్సవం రోజు ఆ పట్టుచీర మీద పెద్ద రగడ. ముతక నేతచీర కట్టుకోమని నిర్వాహకులు తెచ్చిచ్చారు. "మేము యాపారస్తులమప్పా. ఇది కట్టుకుంటే అంగడి దివాలా తీసిందనుకుంటారు మా వీధోళ్ళు" అని అవ్వ ఆ చీరను మడతపెట్టి వాళ్ళకే ఇచ్చేసింది. నిపుణుడు తల పట్టుకున్నాడు. ఆ రోజంతా నాకు దక్కిన సంతోషం అదొక్కటే అనుకున్నాను.

వేదిక ఎక్కాక అవ్వ నోరు పెగల్లేదు. ఎదురుగా మైకుంది, జనం ఉన్నారు, నేను కంజిర మీద తాళం వేస్తూనే ఉన్నాను. అవ్వ వేళ్ళు మాత్రం గాలిలో దేన్నో వెతుకుతున్నాయి. నాకు అర్థమైంది. ఆవిడ జన్మలో ఎప్పుడూ చేతిలో చెయ్యి లేకుండా పాడలేదు. కంజిర కింద పెట్టి దగ్గరికి జరిగి నా చెయ్యి ఇచ్చాను. అవ్వ కొంగుముడి విప్పి గాజులు తీసింది. ఎక్కడికెళ్ళినా ఆ ముడిలో ఒక జత ఉంటుంది. నా వేళ్ళు నొక్కుతూ, బొటనవేలు మడుస్తూ, ఇంట్లో పాడినట్టే పాట ఎత్తుకుంది. ఎప్పుడు నేర్చుకుందో! నేను గదిలో తలుపేసుకుని సాధన చేస్తుంటే బయట వక్క కత్తిరిస్తూ కూర్చునేది, అంతే. ఒక్క మాట తప్పలేదు. నా పాట ఇంత బాగుంటుందని నాకే తెలియదు. నేను పాడితే వచ్చే పాట కాదది.

పాట అయిపోయింది. చప్పట్లు మొదలయ్యాయి. అవ్వ చెయ్యి ఎత్తి ఆపమంది. నిపుణుడితో బేరమాడడం వేరు, పాట దించడం వేరు. కెమెరా ముందు ఎన్ని కోతలు కోసినా, ఎవరి పాటో చెప్పకుండా పాట దించడం ఆ మనిషి వల్ల కాదు.

"ఇది నా మనవరాలి పాట" అంది అవ్వ మైకులో. గాజులున్న నా చెయ్యి పైకెత్తి, "ఇదో, ఇదే కట్టింది. మా అత్త గిత్త ఎవరూ లేరు" అని పూర్తి చేసింది.

నిపుణుడు పరుగున వచ్చి మైకు అందుకున్నాడు. "చూశారా! ఇదీ మన జానపదం గొప్పతనం. తరతరాల పాటను అవ్వ తన మనవరాలికి ధారపోసింది!" అన్నాడు. ఈసారి చప్పట్లు ఆగలేదు. అవ్వ నా వైపు తిరిగి, "నేను చెప్పిందేంది, ఆయప్ప చెప్పేదేంది?" అని అడిగింది. నేను కళ్ళు తుడుచుకుంటున్నాను, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

వీడియో వచ్చింది. బాగా పాకింది. కింద సంప్రదాయ గేయమని రాశారు. చివర అవ్వ చెయ్యెత్తి ఆపమనే దగ్గర కత్తిరించారు. ఫోనులో అది చూసి అవ్వ, "నా మాట యాడ పాయ?" అని తెర మీద వేలితో గీకింది. కోసేశారని చెప్పాను. అవ్వ ముఖం నల్లబడింది. "పాట దించకుండా వదిలేసినారు! ఎట్ల పుట్టినోళ్ళు వీళ్ళు!" అని మొదలుపెట్టి, నేను ఇక్కడ రాయలేని కన్నడంలోకి దిగింది. ఉత్సవం వాళ్ళకు నేను ఎన్నిసార్లు ఫోను చేసినా, చూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

మొన్న సాయంత్రం అంగడి మెట్లెక్కుతుంటే లోపల ఆ వీడియో మోగుతోంది. సీమంతానికి గాజులు తొడిగించుకోవడానికి ఒకావిడ వచ్చింది. అవ్వ ఫోను పక్కన పెట్టుకుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. వీడియో చివరికొచ్చి టప్పున ఆగిపోయింది. గాజు సరిగ్గా కణుపు దగ్గర ఉంది, ఆవిడ లేచి వెళ్ళే వీలు లేదు.

"ఇది నా మనవరాలి పాట" అంది అవ్వ. తర్వాత తెలిసింది, ఆ వీడియో వచ్చినప్పటి నుంచి చెయ్యి ఇచ్చిన ప్రతి మనిషికీ ఇదే జరుగుతోందట.

"అట్లనా అవ్వా? మీ మనవరాలు ఏం చేస్తారు?" అని అడిగిందావిడ.

నేను గడప దగ్గరే ఆగిపోయాను. ఆ జవాబు నాకు తెలుసు, ఏళ్ళ తరబడి విన్నదే.

అవ్వ గాజును మెల్లగా కణుపు దాటించింది. "పాటలు కడతాది" అంది.