చిలక ఎంగిలి

మంథనిలో మా పుట్టింట్లో మాట్లాడకుండా ఉండటమంటే జ్వరం వచ్చినట్టే లెక్క. నేను కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే నన్ను కన్న మా అవ్వ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. అంత వాగుడుకాయను తీసుకొచ్చి, హుజూరాబాద్ పక్క పల్లెలో, నోరు తెరిస్తే ఎక్కడ అరిగిపోతుందోనని భయపడే మనిషికిచ్చి చేశారు. సరే, మొగుడు పలకకపోతే మానె, పిల్లలు పలుకుతారులే అనుకున్నాను. డెబ్బయ్యో దశకం మొదట్లో కొడుకు పుట్టాడు. వాడికి నాలుగేళ్లు వచ్చాయి. ఒక్కసారి కూడా "అవ్వా" అనలేదు.

వాడికి వినపడదు. ఈ ఒక్క ముక్క ఇప్పుడెంత తేలిగ్గా రాసేశానో చూడండి! అప్పుడు ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టలేదు. తలుపు ధడాలున వేస్తే వాడు ఉలిక్కిపడేవాడు. వీధిలో డప్పులు మోగితే కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వేవాడు. వినపడకపోతే ఎందుకు నవ్వుతాడు అనుకున్నాం. ఆ అదురు ఒంటికి తెలుస్తుందనే ఆలోచన మాకెవరికీ రాలేదు. "మా ఇంట్ల మొగపిల్లలకు మాటలు జర ఆలస్యమే. వీని బాపుకు గూడ గట్లనే వచ్చినయ్" అనేది మా అత్త. ఆయనకు మాటలు వచ్చాయని నాకైతే ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు.

మాటలు రాని పిల్లలకు మా దిక్కు ఒక వైద్యం ఉంది. చిలక కొరికిన పండు తినిపిస్తారు. చిలక ఎంగిలి నోట్లో పడితే నాలుక తిరుగుతుందని నమ్మకం. మా అత్త పెరట్లో జామచెట్టు కింద మంచం వేసుకుని కాపలా కూర్చునేది. లోకంలో ఎవరైనా పిట్టల్ని తోలడానికి కాపలా ఉంటారు. ఈమె అవి వచ్చి కొరకాలని కూర్చుని, దగ్గరికొచ్చిన మనుషుల్ని తోలేది! సగం కొరికిన కాయ రాలిందంటే కొంగుతో తుడిచి తెచ్చి వాడి నోట్లో పెట్టేది. వాడు శుభ్రంగా నమిలి మింగి, ఇంకోటి కావాలని చెయ్యి చాపేవాడు. ఆ ఏడు కాపంతా అలాగే అయిపోయింది.

"చెట్టు మీది చిలుకలేం జేస్తయే, కొరికి పోతయి. ఇంట్ల చిలుక ఉండాలె. అది మాట్లాడుతాంటె ఇనుకుంట వీడు గూడ మాట్లాడుతడు" అని తేల్చింది చివరికి.

మా ఆడబిడ్డ కాపురం ఇచ్చోడలో. అడవి దగ్గరి ఊరు, అక్కడి వారపు అంగడికి చిలక పిల్లలు వస్తాయని ఆమె కబురు పెట్టింది. వాణ్ణి చంకన వేసుకుని, బస్సులు మారుతూ, అందరితో మాట్లాడుతూ వెళ్లాను. అంగడిలో పిట్టలు పట్టి అమ్మే ఒకామె వెదురు గంప ముందు పెట్టుకుని కూర్చుంది. లోపల సగం సగం ఈకలతో, ఒంటికి మించిన తలకాయలతో చిలక పిల్లలు. ముద్దు రావడం అటుంచి, చూస్తే భయమేసేలా ఉన్నాయి.

"వదినా, గట్టిగ ఒర్లేదాన్ని తీస్కో. అదే మాటలు జల్ది నేరుస్తది" అని మా ఆడబిడ్డ చెవిలో చెప్పింది. గంపలో ఒకటి గొంతు చించుకుంటోంది. అదే కావాలని చూపించాను.

అప్పటికే మావాడు గంపలో చెయ్యి పెట్టాడు. అరిచేదాని వైపు వాడు చూడనే లేదు. మూలన ముడుచుకున్న ఒక పిల్ల వాడి వేలు పట్టుకుని, మెల్లగా మణికట్టు దాకా ఎక్కి, అక్కడ ముక్కు ఆనించి కూర్చుంది. వాడు ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తున్నాడు. నేను దాన్ని తీసి గంపలో వేయబోతే కసుక్కున నా చేతి మీద కాటు పడింది. చిలక కాదు, నా కొడుకు! "హే ఘ్యా బాయీ" అని నవ్వింది అమ్మే ఆమె, అదే తీసుకోమని. "పిట్టనే మెచ్చినంక ఇగ నువ్వేం జూస్తవమ్మా?" అని తెలుగులో కూడా కలిపింది. తిరుగు ప్రయాణమంతా అది వాడి అంగీ లోపల పడుకుంది.

నానబెట్టిన శనగపప్పు నూరి వేలితో తినిపించాం. ఒళ్లంతా పచ్చగా ఈకలు వచ్చాయి. ఎగిరిపోకుండా మా ఆయన రెక్కల కొసలు కత్తిరించాడు. ఇక మాటలు నేర్పడం నా వంతు. అంతకన్నా నాకిష్టమైన పని ఇంకెవరిస్తారు? పొద్దున్నే వాణ్ణి ఒళ్లో పెట్టుకుని పంజరం ముందు కూర్చుని "అవ్వా అను... అవ్వా..." అని ఇద్దరికీ కలిపి పాఠం చెప్పేదాన్ని. వాడు కాసేపు నా నోటి కేసి చూసి, విసుగుపుట్టి దిగి పారిపోయేవాడు. చిలక మాత్రం తల వాల్చి శ్రద్ధగా వినేది.

ఒకరోజు వంటింట్లో జొన్నరొట్టె చేస్తున్నాను. వాకిట్లోంచి "అవ్వా!" అని వినపడింది. రొట్టెను పెనం మీదే వదిలేసి పిండి చేతులతో పరుగెత్తాను. గడప తగిలి పడ్డాను, లేచి మళ్లీ పరుగెత్తాను. వాడు మట్టిలో ఆడుకుంటున్నాడు. నన్ను చూడను కూడా లేదు. పంజరంలోంచి ఇంకోసారి "అవ్వా" అని వచ్చింది, అచ్చం నా గొంతుతో. మా అత్త చప్పట్లు కొట్టింది. నేను లోపలికి పోయి మాడిన రొట్టె ముందు కూర్చుని ఏడ్చాను. ఆ పిట్ట మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ పూట దానికి గింజలు కూడా వేయలేదు.

తర్వాత అది "ఎవలు?", "దా, కూసో", "బువ్వ తిన్నవా?" అన్నీ నేర్చింది. ఊళ్లో వాళ్లు పని మానుకుని వచ్చి వినేవాళ్లు. అది కొరికిన ప్రతి పండూ వాడికే పెట్టేవాళ్లం. కానీ వాడితో మాత్రం అది ఒక్క మాట మాట్లాడేది కాదు. వాడి భుజం ఎక్కిందంటే నోరు కట్టేసినట్టే. వాడు చెయ్యి ఎత్తితే అది కాలు ఎత్తేది. వాడు తల ఊపితే అదీ ఊపేది. పల్లికాయ కావాలంటే వాడి వేలిగోరు మీద ముక్కుతో టకటక కొట్టేది, వాడు వెంటనే తెచ్చి ఒలిచి పెట్టేవాడు. "దొంగముండా, నీకు మాటలు నేర్పింది ఎవలకోసమే?" అని నేను తిట్టేదాన్ని. "దా, కూసో" అనేది నాతో.

ఆ రోజుల్లోనే మా బాపు మంథని నుంచి వచ్చి, వాడి తీరు గమనించి, మా ఆయనతో మెల్లగా అన్నాడు: "అల్లుడా, పిల్లగాన్ని ఒకసారి కరీంనగర్‌ల చెవుల డాక్టర్‌కు చూపెడుదాం." మా అత్త ముఖం మాడ్చుకుంది గానీ, మా ఆయన సరేనన్నాడు. పోయే రోజు కూడా అనుకున్నాం.

ఆ రోజు రాకముందే ఒక పొద్దున వాడు వాకిట్లో నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. భుజం మీద చిలక ఉంది. "కొడుకా, బువ్వకు రా!" అని పిలిచాను, పలుకుతాడని కాదు, అలవాటు కొద్దీ. వాడు తిరిగి చూశాడు! మళ్లీ అటు తిరిగాక ఇంకోసారి పిలిచాను. మళ్లీ చూసి నవ్వాడు. "అత్తా, ఇన్నడు! పిలిస్తె ఇన్నడు!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. మా ఆయన వచ్చి పిలిచాడు, దానికీ తిరిగాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. "చూసినవా, చిలుక ఎంగిలంటే మజాకనా!" అని మా అత్త కొబ్బరికాయ కొట్టింది. ఇక కరీంనగర్ దేనికి? ఫికర్ చేయొద్దని మా బాపుకు కబురు పంపేశాం.

పిలుపు వస్తే బువ్వ వస్తుందని చిలకకు తెలుసు. మా గొంతు వినగానే అది భుజం మీద ఇటు తిరిగి వాడి చెవి తమ్మె పట్టి లాగేది. వాడు తిరిగేది అందుకు. మా చూపంతా వాడి ముఖం మీదే ఉంది, పిట్టను ఎవరు చూస్తారు? రెండేళ్లు అలా గడిచాయి. ఆ రెండేళ్లూ మేం సంతోషంగా ఉన్నాం. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వినపడుతోంది కదా, మరి మాట ఎందుకు రాదు? పుట్టింటికి వచ్చిన మా ఆడబిడ్డ దానికి జవాబు కనిపెట్టింది. "గా పిట్టతోని సైగలు మరిగిండు వదినా. సైగ జేస్తే అన్నీ దొరుకుతాంటె నోరెందుకు ఇప్పుతడు? కొన్నొద్దులు దూరం వెట్టు. నేను తీస్కపోత." నాకూ నిజమేననిపించింది. నేను కన్న కొడుకు నన్ను వదిలి దాన్ని అంటిపెట్టుకుని తిరుగుతున్నాడన్న కడుపుమంట కూడా ఉంది, దాచడమెందుకు? వాడు వాళ్ల బాపుతో పొలానికి పోయినప్పుడు పంజరం బస్సెక్కింది.

వాడు వచ్చి ఇల్లంతా వెతికాడు. జామచెట్టు ఎక్కి చూశాడు. నా ముందుకొచ్చి చెయ్యి ఎత్తాడు, తల ఊపాడు, గోరు మీద టకటక కొట్టి చూపించాడు. "మీ అత్తోళ్లింటికి పోయింది బిడ్డా. నువ్వు మాట్లాడితె తెస్త" అని నోటితో చెప్పాను. అవే మాటలు మళ్లీ మళ్లీ చెప్పాను.

ఆ రోజు నుంచి పిలిస్తే తిరగడం మానేశాడు. అలిగాడనుకున్నాం. "ఇనవడ్డా ఇననట్టు జేస్తవా?" అని వీపు మీద దెబ్బలు కూడా వేశాను. చివరికి ఒక సాయంత్రం మా ఆయన వాడి వెనక నిలబడి, ఇత్తడి చెంబును చేత్తో ఎత్తి పట్టుకుని గరిటెతో కొట్టాడు. ఇంకా గట్టిగా కొట్టాడు. వాడు చీమల బారును చూస్తూనే ఉన్నాడు. ఆయన చెంబు కింద పెట్టి, "మనం పిలిస్తె పిట్ట ఇన్నదే. వీడు ఇనలే" అన్నాడు. నేను ఆయన నోరు మూయబోయాను.

కరీంనగర్ డాక్టరు పరీక్ష చేసి, పుట్టుకతోనే వినపడదన్నాడు. చిన్నప్పుడే తెచ్చి ఉంటే మిషను పెట్టి, పెదవులు చూపించి మాట నేర్పడానికి వీలుండేది, ఇప్పుడు చాలా కష్టమన్నాడు. "ఇంతకు ముందు ఎవరికీ చూపించలేదా?" అని అడిగాడు. మా ఆయనే, "చిలుక ఎంగిలి తినవెట్టినం సార్" అన్నాడు. డాక్టరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

పట్నంలో ఇలాంటి పిల్లలకు బడి ఉందని ఆయనే చెప్పాడు. వాణ్ణి పంపేలోపు చిలకను తెచ్చి ఇవ్వాలని నాకు పట్టుకుంది. ఆ మాట వాడికి చెప్పాలి కదా, నోటితో కాకుండా. వాడి ముందు కూర్చుని చెయ్యి ఎత్తాను, తల ఊపాను, గోరు మీద టకటక కొట్టాను, బస్సు పోయే దిక్కు చూపించి నా గుండె మీద చెయ్యి వేసుకున్నాను. వాడికి ఎంత తొందరగా అర్థమైందో! ఎగిరి గంతేసి నా మెడ పట్టుకున్నాడు. ఏడేళ్ల నా కొడుకుకు నేను చెప్పగా అర్థమైన మొదటి మాట అది.

ఇచ్చోడలో పంజరం ఖాళీగా ఉంది. "ఏం జెప్పాలె వదినా. పొద్దుమాపు నీ గొంతుతోని అవ్వా, అవ్వా అని ఒర్లుడే. తిండి ముట్టలే. నేనే పరేషానై తలుపు తీసి ఇడిచిపెట్టిన" అంది మా ఆడబిడ్డ.

"దాని రెక్కలు కత్తిరించినం గదనే!"

"మల్ల మొలిచినయ్ కావచ్చు" అంది, నా ముఖం చూడకుండా. ఆమెను తిట్టడానికి నోరు రాలేదు. దాన్ని ఇచ్చి పంపింది నేనే. అంగడిలో ఇంకోదాన్ని కొందామంది. వద్దన్నాను. ఏ పిల్లను తేవాలో నాకేం తెలుసు?

హుజూరాబాద్ బస్టాండులో దిగేసరికి మా ఆయన వాణ్ణి తీసుకుని వచ్చి ఉన్నాడు. వాడు నా చేతులు చూశాడు. సంచీ లాక్కుని లోపల వెతికాడు. నా కొంగు ఎత్తి చూశాడు. బస్సెక్కి సీట్ల కింద కూడా చూసి దిగాడు. నా ఎదురుగా నిలబడి చెయ్యి ఎత్తాడు. పోయింది, ఇక రాదు అనడానికి ఏ సైగ చేయాలో నాకు తెలియలేదు. "అది బిడ్డా... అది..." అని నోరు మాత్రం కదిలింది. వాడు కాసేపు నా నోటి కేసి చూసి, వెనక్కి తిరిగి బస్సుల మధ్యలోంచి నడుచుకుంటూ పోయాడు.

"కొడుకా!" అని అరిచాను. చాయ హోటల్ ముందున్నవాళ్లు, కండక్టరు, కిటికీల దగ్గర కూర్చున్నవాళ్లు, అందరూ తిరిగి చూశారు. పరుగెత్తి వాడి భుజం మీద చెయ్యి వేస్తే సరిపోయేది. అన్నీ తెలిసి కూడా నేను అక్కడే నిలబడి ఇంకా గట్టిగా పిలిచాను.