నేను చెప్పని పేరు

తెలంగాణ వచ్చాక జరిగిన మండల పరిషత్తు ఎన్నికల్లో మా ఊరి నుంచి సభ్యురాలిగా గెలిచాను. అధ్యక్షుణ్ణి, ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకోవాల్సింది సభ్యులమే. అందుకని అవతలి వర్గం మమ్మల్ని లాక్కుపోకుండా, మా వర్గం పెద్దమనిషి అందరినీ బస్సెక్కించి అలంపూర్ తీసుకెళ్లి లాడ్జిలో పెట్టాడు.

నా గదిలో గొర్లు కాసే ఇంటి కోడలు ఉండేది. ఆమె కూడా మాలాగే కొత్తగా గెలిచిన సభ్యురాలు. నాకంటే చిన్నది. ఉపాధ్యక్ష పదవి ఆమెకేనని పెద్దమనిషి అందరి ముందూ మాటిచ్చాడు.

"గా కుర్చీల కూసుంటె ఆఫీసర్లు జర మాట ఇంటరా అక్కా?" అని అడిగింది నన్ను. "మా ఊరికి పశువుల డాక్టర్‌ను తెప్పియ్యాలె. రోగమొస్తె మందలకు మందలే పోతున్నయి."

"ఎందుకినరు చెల్లే? నీ పేరు నేనే చెప్త" అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎన్నిక రోజు పొద్దున బస్సు నల్గొండ దాటాక పెద్దమనిషి నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "మనతోటి గెలిచిన నా బామ్మర్దిని ఉపాధ్యక్షుణ్ణి జేస్తున్నమమ్మా. పేరు నువ్వే చెప్పాలె. మీ ఊరి రోడ్డు నేను జూస్కుంట."

"మరి ఆమె?"

"ఆమెకు నేను చెప్త తియ్."

ఆయన చెప్పలేదు. నాకు రెండు సీట్ల ముందే కూర్చుని ఉంది ఆమె, పెళ్లికి వెళుతున్నట్టు పట్టుచీర కట్టుకుని. లేచి వెళ్లి ఒక్క మాట చెవిలో వేయవలసింది. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

అధ్యక్షుడి ఎన్నిక అయిపోయింది. ఉపాధ్యక్ష పదవికి పేరు చెప్పమని అధికారి అడగగానే ఆమె కొంగు సర్దుకుని నావైపు తిరిగింది. నేను లేచి బామ్మర్ది పేరు చెప్పాను. ఎవరో బలపరిచారు.

"ఇంకా ఎవరైనా ఉన్నారా?" అధికారి ఆగాడు. ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవడానికి లేదు; ఆమె ఒక్కొక్కరి ముఖమే చూసింది. ఎవరూ లేవలేదు. ఏకగ్రీవమన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

బయట చింతచెట్టు కింద నా దగ్గరికొచ్చింది. "నిన్నెవరన్న బెదిరిచ్చిన్రా అక్కా?"

నన్నెవరూ బెదిరించలేదు. అయినా అవునని తల ఊపాను.

"అయ్యో, ఫికర్ జెయ్యకు" అని నా వీపు నిమిరింది.

ఆ నిమరడమే ఇప్పటికీ నన్ను కాలుస్తుంది. మరుసటి వానాకాలం వాళ్ల ఊళ్లో గొర్లకు రోగం తగిలింది. ఆమె ప్రతి సమావేశంలోనూ లేచి డాక్టర్ కోసం అడిగింది. రాసుకుంటున్నామని అధికారులు అనేవారు. డాక్టర్ వచ్చేసరికి వాళ్ల మందలో సగం లేదు. మిగిలినవి అమ్మేసి ఆమె పత్తిచేలకు కూలికి పోసాగింది. మా ఊరికి మాత్రం రోడ్డు పడింది.

పదవీకాలం ముగిశాక వాళ్లింటికి వెళ్లి జరిగినదంతా చెప్పాను. నన్నెవరూ బెదిరించలేదని కూడా. పత్తి ఏరి పగిలిన వేళ్లకు నూనె రాసుకుంటూ విన్నది.

"గీ మాట బస్సులనే చెప్తె, ఇంకొకల కాళ్లన్న పట్టుకుంటుంటి గదా అక్కా" అన్నది.

ఆమె లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి లేచాను. వాకిలి దాకా వచ్చి సాగనంపింది గానీ, మళ్లీ రమ్మని అనలేదు.