ఎడమ వైపు నాది, కుడి వైపు కరీముల్లాది

1948 ఎండాకాలంలో నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు బస్సు సర్వీసు వర్క్‌షాపులో పెయింటరుగా ఉన్నాను. మా బస్సులు పేట నుంచి గురజాల, మాచర్ల, వినుకొండ వైపు తిరిగేవి. యుద్ధం రోజుల్లో బొగ్గు గ్యాసు మీద నడిచిన బండ్లవి. వెనక బిగించిన గ్యాసు డ్రమ్ముల వేడికి రంగంతా పొక్కిపోయేది. యుద్ధం అయిపోయి కాస్తో కూస్తో పెట్రోలు దొరకడం మొదలయ్యాక, ఆ డ్రమ్ములు పీకేసి, మాడిన రేకులు గీకి కొత్త రంగు వేయడమే చాలాకాలం మా పని.

రంగు పనిలో హోదాలు ఇలా ఉండేవి. అడుగున గీకుడు పనివాళ్ళు, వాళ్ళ పైన పెయింటర్లు, పెయింటర్ల మీద హెడ్ పెయింటరు. అతన్ని అందరూ మేస్త్రీ అని పిలిచేవారు. మొత్తం షాపుకి ఫోర్‌మన్ సుబ్బరామయ్య గారు. రంగు వేసిన బండి ఏదైనా సరే, మేస్త్రీ చూసి సరేనంటే తప్ప గేటు దాటేది కాదు. ఆ ఏడు మా పాత మేస్త్రీ చూపు మందగించి పని మానుకున్నాడు. ఆ పోస్టు నాదేననుకున్నాను. నేనొక్కణ్ణే కాదు, రెంటచింతలలో మావాళ్ళంతా అదే అనుకున్నారు. మా అమ్మ చర్చిలో కొవ్వొత్తి కూడా వెలిగించి వచ్చింది.

అడ్డం కరీముల్లా. మాచవరం మనిషి. బెజవాడలో పని నేర్చుకుని, నా తరవాత చాలా ఏళ్ళకి మా షాపులో చేరాడు. వయసులో నాకంటే చిన్న, హోదాలో నాతో సమానం. పనిలో ఎవరు ఎక్కువో అప్పట్లో నన్నడిగితే కొట్లాటకు వచ్చేవాణ్ణి. అతని పని సంగతి అలా ఉంచి, ముందు చొక్కా సంగతి చెప్తాను. రోజంతా రంగు చిమ్మే గన్ను పట్టుకున్నా అతని తెల్ల చొక్కా మీద చుక్క పడేది కాదు. నేను షాపులోకి అడుగుపెట్టగానే ఏదో ఒక రంగు నన్ను వెతుక్కుంటూ వచ్చేది. నా చొక్కాలు ఉతికి ఉతికి విసిగిన మా ఆవిడ మరియమ్మ ఒకరోజు అననే అన్నది.

"ఆ కరీముల్లా కూడా నీ పనే గందా చేసేది? అతని చొక్కా చూడు, నీ చొక్కా చూడు."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. కట్టుకున్నదానికి కూడా వాడే కనపడ్డాడా అని కుళ్ళిపోయాను.

ఇక కారు విషయం. మా ప్రొప్రయిటరు గారు ముదురు ఆకుపచ్చ అమెరికా కారు కొని అప్పటికి ఏడాది కాలేదు. పల్నాడు రోడ్ల మీద కొత్త కారు కొత్తగా ఉండడం కష్టం. ముందు పోయే బస్సు చక్రాల కింది కంకర ఎగిరి వచ్చి మడ్‌గార్డులకి తగిలేది. తగిలిన చోటల్లా గోరంత రంగు ఎగిరిపోయి రేకు బయటపడేది. రోడ్డు పక్క తుమ్మకొమ్మలు తలుపులను గీరేవి. సంతరోజున గొడ్ల బండ్ల మధ్య ఇరుక్కుంటే కాడి కొనలు గుచ్చుకునేవి. ప్రొప్రయిటరు గారికి ఆ కారు మీద ప్రాణం. ప్రతి గీతనూ వేలితో తడిమి చూసుకునేవారు.

ఆ గీతలు పోగొట్టే పని రాగానే సుబ్బరామయ్య గారికి ఒక ఆలోచన వచ్చింది. మా ఇద్దరినీ కారు దగ్గరికి పిలిచి, ఎడమ వైపు నాకు, కుడి వైపు కరీముల్లాకు అప్పగించారు.

"ఒకటే బండి, ఒకటే డబ్బా రంగు, ఒకటే ఎండ. ఇంక సాకులు చెప్పేదానికి లేదు. ఎవరి వైపు బాగుంటే వాళ్ళు మేస్త్రీ. ప్రొప్రయిటరు గారే చూసి చెప్తారు" అన్నారు.

కొత్త కారు గీతలు తీయడం పాత బస్సుకి రంగు వేయడం కంటే ఎక్కువ పని. బస్సుకైతే మొత్తం గీకి మొత్తం వేస్తాం, ఎక్కడా అతుకు ఉండదు. కారుకి దెబ్బ తగిలిన చోట మాత్రమే వేసి, వేసినట్టు తెలియకుండా చేయాలి. ముందు సబ్బునీళ్ళతో కడిగి, తారు మరకలు కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. రంగు ఎగిరిన గుంట చుట్టూ నీటికాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, అంచు చేతికి తగలకుండా వాలుగా అరగదీయాలి. బయటపడ్డ రేకు మీద తుప్పు పట్టకుండా ఎర్ర ప్రైమరు వేయాలి. గుంటలో లప్పం పలచగా పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూసి రుద్దాలి. ఒకేసారి మందంగా పూసి చేతులు దులుపుకుంటే అది తరవాత కుంగుతుంది. ఆ పైన రంగు.

రంగు కలపడంలోనే మనిషి బయటపడతాడు. డబ్బాలో కొత్త ఆకుపచ్చ ఉంటుంది, కారు మీద ఎండకు వెలిసిన ఆకుపచ్చ ఉంటుంది. పాత రంగును పాలిషు మందుతో కాస్త రుద్ది, దాని అసలు ఛాయ బయటికి తెచ్చి, ఆ ఛాయకు కలపాలి. తడి రంగు ఒకలా, ఆరిన రంగు ఒకలా కనిపిస్తుంది కాబట్టి రేకుముక్క మీద చుక్క వేసి, ఎండలో ఆరబెట్టి, కారు పక్కన పెట్టి పోల్చుకోవాలి.

ఇదంతా నాకు బాగా తెలుసు. చేశాను కూడా. అయితే నా చెయ్యి ఎడమ వైపు ఉన్నా కళ్ళు కుడి వైపే ఉండేవి. నీళ్ళ బకెట్టు కోసమనీ గుడ్డ కోసమనీ వంక పెట్టుకుని అటు తిరిగి వచ్చేవాణ్ణి. కరీముల్లా ఏదో పాట కూనిరాగం తీస్తూ, కాగితాన్ని మూడు వేళ్ళతో మాత్రమే నొక్కి రుద్దేవాడు. నేను అరచేయి మొత్తం ఆనించి రుద్దేవాణ్ణి. వాడి అంచులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో కనిపించేది కాదు. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. నేను చూడడం వాడూ చూశాడు.

"ఏంది అన్నా, ఇటు ఏమన్నా పారేసుకున్నావా?" అన్నాడు.

"నీ వైపు ఈగలు చానా ముసురుతున్నాయి, చూసుకో" అన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

నా వైపు ముందుగా పూర్తయింది. పాలిషు పట్టి, గుడ్డ కప్పి, చేతులు కడుక్కున్నాను. బాగానే వచ్చింది. కరీముల్లాది కూడా అయిపోయినట్టే, కానీ కారు అప్పజెప్పే ముందు రోజు పొద్దున వాడికి వెనక తలుపు మీద ఏదో నచ్చలేదు. నాకైతే అక్కడ ఏమీ కనిపించలేదు. వాడు మాత్రం ఆ తలుపు రుద్దేసి, మళ్ళీ కొత్తగా రంగు వేశాడు. ఫోర్‌మన్ ముందు గొప్పలకి పోతున్నాడనుకున్నాను. సాయంత్రం రెండు వైపులూ పక్కపక్కన చూస్తే వాడి వైపే మెరుగ్గా ఉంది. సుబ్బరామయ్య గారు కుడి వైపు ఎక్కువసేపు నిలబడ్డారు. నా పోస్టు పోయిందని ఆ నిలబడడంలోనే తెలిసిపోయింది.

మర్నాడు ఉదయం కారు ప్రొప్రయిటరు గారి ఇంటికి వెళ్ళింది. అక్కడ జరిగింది డ్రైవరు చెప్పగా తరవాత విన్నాం. ప్రొప్రయిటరు గారి తల్లిని అందరం పెద్దమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ పళ్ళెంలో పసుపు, నూనెలో రంగరించిన కుంకుమ పట్టుకుని వచ్చారట. బండి కొన్నప్పుడే పూజ అయింది గదమ్మా అని కొడుకు అంటే, "రంగు కొత్తదైతే బండీ కొత్తదే గదరా" అని, నాలుగు తలుపులకూ పసుపు రాసి నిండుగా బొట్లు పెట్టారట. ఆ బొట్లతోనే కోటప్పకొండకు వెళ్ళి, రోజంతా ఎండలో ఉండి తిరిగి వచ్చారు.

కారుకి మేం వేసిన సెల్యులోజు రంగు పైకి గంటలో ఆరిపోతుంది. వేలు పెడితే అంటదు. లోపల మాత్రం చాలా రోజులు మెత్తగానే ఉంటుంది. గట్టిపడే దాకా నూనె గానీ పసుపు గానీ తగలకూడదు. ఆ సంగతి నాకూ తెలుసు, కరీముల్లాకూ తెలుసు, ఫోర్‌మన్‌కూ తెలుసు. బొట్టు పెడతారేమో అన్న ఊహ మాత్రం ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. కడగొద్దు, గుడ్డతో రుద్దొద్దు అని డ్రైవరుకి అన్నీ చెప్పాం. పల్నాడులో పుట్టి పెరిగి, కొత్త బండికి బొట్టు పెట్టని ఇల్లు చూడని మేమే ఈ ఒక్కటీ మరిచాం.

తల్లీకొడుకులతో కారు తిరిగి షాపుకి వచ్చింది. రంగు వేసి రోజులు గడిచి గట్టిపడ్డ ముందు తలుపుల మీదా, నా వైపు వెనక తలుపు మీదా బొట్లు తుడిస్తే పోయాయి. కరీముల్లా మళ్ళీ రంగు వేసిన తలుపు మీద మాత్రం రూపాయి బిళ్ళంత ఎర్రమరక, దాని చుట్టూ పసుపుచార దిగబడిపోయాయి. ఎంత రుద్దినా రాలేదు.

కారులోంచే పెద్దమ్మగారు, "బొట్టు పెడితే ఓర్చుకోలేని రంగు ఏం రంగయ్యా?" అన్నారు.

కరీముల్లా ఏదో చెప్పబోయాడు. ప్రొప్రయిటరు గారు వినలేదు. నిలిచిన రంగు ఎవరిదో వాళ్ళే మేస్త్రీ అన్నారు. సుబ్బరామయ్య గారు నా వంక చూసి తలూపారు. సంతోషం వేసిందా అంటే, వేసింది. అందులో దాచేది ఏమీ లేదు. ఇంటికి వెళ్ళి మరియమ్మతో, "పోయి నీ తెల్లచొక్కా వాణ్ణి ఇప్పుడు చూడు" అన్నాను. ఆవిడ, "పోస్టు వచ్చింది గందా, ఇంకా ఆ చొక్కా మీదేనా నీ ఏడుపు?" అంది.

మేస్త్రీగా నా ముందుకు వచ్చిన మొదటి పని అదే తలుపు. కరీముల్లా మరకపడ్డ రంగును రుద్ది తీసేసి, మళ్ళీ వేసి, ఈసారి బాగా గట్టిపడనిచ్చాడు. దాన్ని పరీక్షించి సరేననో కాదనో చెప్పవలసింది నేను. ఫోర్‌మన్, డ్రైవరు, మిగతా పెయింటర్లు చుట్టూ నిలబడ్డారు. పొద్దుటి ఎండ తలుపు మీద ఏటవాలుగా పడేటట్టు కారును తిప్పించాను. ఎత్తుపల్లాలు ఆ వెలుగులోనే దొరుకుతాయి. తలుపు మీద నీళ్ళు పోయించి, నీటిలో షెడ్డు దూలాల నీడ ఎక్కడైనా వంకరపోతుందేమో చూశాను. పలచని గుడ్డ వేసి దాని మీదుగా అరచేత్తో తడిమాను. తప్పు పట్టాలని వెతుకుతున్నాను. గోరంత అంచు దొరికినా చాలు, అందరి ముందూ చూపించాలని నా తాపత్రయం.

అంచు కాదు గదా, మరక ఏ చోట ఉండేదో కూడా ఆనవాలు దొరకలేదు.

"ఏమయ్యా మేస్త్రీ, తప్పెక్కడ?" అన్నారు సుబ్బరామయ్య గారు.

కరీముల్లా చేతులు కట్టుకుని నా మొహమే చూస్తున్నాడు. ఏదో ఒక చోటు చూపించి ఇక్కడ కొంచెం ఉందనొచ్చు. మేస్త్రీ మాటకు ఎదురుండదు. కానీ నేను చూపించే చోట ఏమీ లేదని నాకంటే ముందు వాడికి తెలుస్తుంది.

"దొరకట్లేదండీ. బండి పంపొచ్చు" అన్నాను. ఆ మూడు మాటలు అనడానికి నాకు ప్రాణం పోయినంత పనయింది.

ఆ తరవాత రిటైరయ్యేదాకా నేను హెడ్ పెయింటరునే, కరీముల్లా నా కింద పెయింటరే. వాడి పనంటే నాకు ఓర్వలేనితనం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. ఆ తలుపు నేర్పింది ఒకటే. గిట్టనివాడి కన్ను వెతికినట్టు మరే కన్నూ తప్పు వెతకదు. అలాంటి కన్ను నాకుంది, దాన్ని ఉద్యోగానికి వాడుకున్నాను. ఎవరు పని చేసి తెచ్చినా అలాగే చూసేవాణ్ణి. తప్పు దొరికి మనసు కుదుటపడితే మళ్ళీ చేయమనేవాణ్ణి. కడుపు మండితే గేటు తీయమనేవాణ్ణి.