గులాబీ కుండీలో గుడ్లు

హన్మకొండలో మా ఇల్లు, పక్కింటి చెల్లె ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. తోడబుట్టింది కాదు. పన్నెండేళ్లు కూరగిన్నెలు ఆ గోడ మీదుగా మారాయి కాబట్టి నాకు చెల్లె, తనకు నేను అక్క.

నర్సంపేట దగ్గరి మా తమ్ముడి చేనులోంచి పత్తికట్టె తెప్పించుకుని, ముక్కలు చేసి, కుళ్లబెట్టి, గులాబీ కుండీల్లో పరుస్తాను. పోయినేడు ముసురు పట్టిన వారంలో ఆ ముక్కల మీద గోధుమరంగు గిన్నెలు లేచాయి. ఒక్కొక్కటి చిటికెనవేలి గోరంత. ముందు చూసింది చెల్లెనే.

“అక్కా, జర ఇటు సూడు! గూట్ల గుడ్లు పెట్టినట్టే ఉన్నయ్!”

బళ్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన నోరు ఊరుకుంటుందా? అది పుట్టగొడుగని, నల్లగుడ్డులా కనబడేది లోపల బీజాలు దాచుకున్న మూట అని, మొండి పత్తికట్టెను మెత్తటి ఎరువు చేసేదీ అదేనని చెప్పాను. చినుకు గిన్నెలో పడితే గుడ్డు ఎగిరి గజం దూరంలో అతుక్కుంటుందంటే మాత్రం నమ్మలేదు. చెంబు ఎత్తి పట్టుకుని చుక్కలు వదిలింది. ఒక గుడ్డు ఎగిరొచ్చి తన కొంగుకే అంటుకుంది. ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. తనే అడిగి ఒక కుండీ పట్టుకుపోయింది.

పదిరోజులకు వాళ్ల చిన్నబిడ్డకు జ్వరమొచ్చి తగ్గలేదు. మనవరాలిని చూడటానికి ఊరి నుంచి వచ్చిన చెల్లె అత్త ఆ కుండీని చూసింది. పట్టపగలు దాన్ని ఎత్తుకొచ్చి నా గేటు ముందు నిలబడింది. వీధంతా పోగైంది.

“నల్లగుడ్లు పెట్టి పంపుతవా? పసిపిల్ల మీద మంత్రాలు చేస్తవా?”

నాకు భయం వేయలేదు. అత్త వెనకే చెల్లె ఉంది కదా.

“అవేందో నువ్వు చెప్పు చెల్లే” అన్నాను.

తను నా వైపు చూడకుండా అత్త వైపు తిరిగింది.

“నాకేమెరుక అత్తమ్మా? ఆమె ఇచ్చింది, నేను పెట్టుకున్న.”

ఆమె! పన్నెండేళ్ల అక్క ఒక్క క్షణంలో ఆమె అయిపోయింది. అత్త కుండీని అక్కడే పగలగొట్టింది.

దవాఖానలో టైఫాయిడ్ అని తేల్చారు, పిల్ల కోలుకుంది. అయినా ఆ ఏడు బతుకమ్మ ఆటకు నన్నెవరూ పిలవలేదు. అత్త మీద నాకు కోపం లేదు, ఆమెకు తెలియక అంది. తెలిసి కూడా తెలియదన్నదాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ఈ ఏడూ ముసురు పట్టింది. నిన్న కుండీల దగ్గర కూర్చుని ఉంటే గోడ మీదుగా తన తల కనిపించింది. ఏమీ జరగనట్టే అడిగింది.

“అక్కా, ఈసారి గుడ్లు వచ్చినయా?”

నా ముందున్న కుండీ నిండా గిన్నెలే, గిన్నెల నిండా గుడ్లే.

“రాలేదమ్మా” అన్నాను.