తమ్ముడి కోడిపిల్ల

తమ్ముడిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు వాడి కోడిపిల్లను చూసుకునే పని నా మీద పడింది.

వాడికి ఐదేళ్లు, నాకు పన్నెండు. పద్మారావు నగర్‌లో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్లం. నాన్న బడిపంతులు. కాకినాడ వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. రాంగోపాల్‌పేట్‌లో ఎవరో బుట్టలో పెట్టి అమ్ముతుంటే, గులాబి రంగు వేసిన కోడిపిల్లను తమ్ముడికి కొనిచ్చారు. అట్టపెట్టెలో రంపపు పొట్టు పరిచి దానికి ఇల్లు కట్టారు. అది కియ్‌మంటే తమ్ముడూ కియ్‌మనేవాడు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారని అమ్మ నవ్వేది.

జ్వరం మామూలుగానే మొదలైంది. తర్వాత వాడి మెడ బిగుసుకుపోయింది, కళ్లు తేలేశాడు. నాన్న వాడిని భుజాన వేసుకుని ఆటో కోసం పరిగెత్తారు. వెనకే వెళ్తూ అమ్మ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది.

"ఆ పిల్లని చూస్తుండవే. వాడొచ్చి అడుగుతాడు."

నాకేదో ఒకటి చెప్పాలి కాబట్టి అలా అని ఉంటుంది. నేను మాత్రం ఆ మాటనే పట్టుకున్నాను. కోడిపిల్ల బాగుంటే వాడు తిరిగొస్తాడని నాకు నేనే ఒక లెక్క వేసుకున్నాను.

ఒక పొద్దున చూస్తే అది మూలకి ఒదిగి, రెక్కలు వేలాడేసుకుని నిలబడి ఉంది. నూకలు ముట్టలేదు. ముక్కు అంచున రంపపు పొట్టు అంటుకుని ఉంది. ఎత్తుకుంటే మెడ కింద గోళీ అంత గట్టిగా ఏదో తగిలింది. ఏడుస్తూ ముందు వాటాలో ఉండే ఇంటివాళ్ల అవ్వ దగ్గరికి తీసుకెళ్లాను.

అవ్వ వేలితో తడిమి చూసింది. "గింజలనుకొని పొట్టు మింగింది బిడ్డా. గొంతుల గడ్డ కట్టింది."

"బతుకుతుందా అవ్వా?"

"నాకేమెర్క? జెర నీళ్లు గోరువెచ్చగ చేస్కరా. నువ్వుల నూనె సుత తే."

నాన్న కలంలో సిరా పోసే ఫిల్లర్ కడిగి తెచ్చాను. అవ్వ దాంతో ముక్కు పక్క నుంచి ఒక్కో చుక్క నీళ్లు వదిలింది, తర్వాత ఒక నూనె చుక్క. "గట్టిగ ఒత్తకు, సచ్చిపోతది. గిట్ల, మెల్లగ" అంటూ నా వేలు పట్టుకుని ఆ గడ్డ మీద తిప్పించింది. పెట్టెలో పొట్టంతా పారబోసి పాత పంచె ముక్క పరిచాం. పైన బల్బు వేలాడదీశాం. మేత పెట్టడం మానేసి, నీళ్లూ నూనే పోస్తూ, ఆ గడ్డను నిమురుతూ కూర్చున్నాను. నాన్న ఆసుపత్రి నుంచి వచ్చి స్నానం చేసి మళ్లీ వెళ్తూ నన్ను చూశారు. తమ్ముడు ఎలా ఉన్నాడని నేను అడగలేదు.

మర్నాటికి గడ్డ మెత్తబడింది. గుడ్డ మీద రెట్టలో పొట్టు నలకలు కనిపించాయి. అవ్వ ఉడికించిన గుడ్డు సొన మెదిపి ఇస్తే పొడుచుకు తింది. ఆ సాయంత్రం ఇల్లంతా కియ్ కియ్‌మని ఒకటే గోల. నేను గంతులేశాను.

తమ్ముడూ బతికాడు. చిక్కి సగమై ఇంటికొచ్చాడు. పిలిస్తే పలికేవాడు కాదు. నీరసమనీ, సూదులు పొడిపించామని అలిగాడనీ అమ్మ అనుకుంది. నేను పరిగెత్తుకెళ్లి కోడిపిల్లను తెచ్చి వాడి ఒళ్లో పెట్టాను. అది వాడి ముఖంలోకి చూస్తూ ఆపకుండా అరిచింది. వాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ రెండో చెవి దగ్గర.

"అక్కా, ఇదెందుకు అరవట్లేదు?" అని అడిగాడు.

అమ్మ వాడి వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టింది. పళ్లెం తీసి నేల మీద పడేసింది. వాడు తిరగలేదు. కోడిపిల్ల ముక్కు తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తున్నాడు. నాన్న కుర్చీలో కూలబడి ముఖం కప్పుకున్నారు.

తర్వాత చాలామంది డాక్టర్లకు చూపించారు. మేం వెళ్లే చర్చిలో అందరూ వాడి కోసం ప్రార్థన చేశారు. వినికిడి తిరిగి రాలేదు. నేర్చుకున్న మాటలు కూడా ఒక్కొక్కటే వాడి నోట్లో అరిగిపోయాయి. "అక్కా" అన్నది కొన్నాళ్లు నిలిచింది. తర్వాత అదీ మాకు మాత్రమే అర్థమయ్యే ఒక శబ్దమైపోయింది.

కోడిపిల్ల గులాబి రంగు పోయి తెల్లటి పుంజైంది. అది కూస్తే వాటాలన్నీ లేచేవి, దాని పక్కనే పడుకున్న తమ్ముడు తప్ప. నాన్న ఆ కూత భరించలేక దాన్ని అల్వాల్‌లో అవ్వ కూతురింటికి పంపేశారు. తమ్ముడు ఖాళీ పెట్టె ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. దాన్ని ఎందుకు పంపేశారో వాడికి చెప్పే దారి మాకు అప్పటికి తెలియదు.

అమ్మ మాత్రం ఎన్నాళ్లయినా వంటింట్లోంచి వాడిని అన్నానికి పిలిచేది. పిలిచి, గుర్తొచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ తానే ముందు గదిలోకి వచ్చేది.